ఫుల్ క్రీమా, డబుల్ టోన్డా? ముప్పై ఏళ్ళు పాలల్లో వెన్న కొలిచినవాడి మాట

అమ్మా, మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను. తిరుపతిలో కాపురం. ఇంట్లో మీరు, మీ ఆయన, అత్తగారు, ఏడేళ్ళ పాప, పద్నాలుగు నెలల బాబు. చంద్రగిరి వైపు నుంచి వచ్చే పాలాయన దగ్గర రోజూ లీటరు ఆవు పాలు పోయించుకుంటారు. కాఫీకీ పెరుగుకీ అవి చాలక ఇంకో అర లీటరు ఫుల్ క్రీమ్ ప్యాకెట్ కొంటారు. మీ ఆయనకు 38 ఏళ్ళకే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 150 దాటింది, డాక్టరు ‘వెన్న తీసిన పాలు వాడండి’ అన్నారు. ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే ‘వెన్న ఉన్న పాలే గుండెకు మంచివి’ అని వీడియోలు. అత్తగారేమో షుగర్ మనిషి, ఈమధ్య చిక్కిపోయారు, అయినా ‘నీళ్ళ పాలు ఈ గడప తొక్కనివ్వను’ అంటున్నారు. ఇంటిల్లిపాదీ డబుల్ టోన్డ్‌కి మారిపోవాలా అన్నది మీ టెన్షన్.

నేను డాక్టర్ని కాను. చిత్తూరు జిల్లాలో ఒక డెయిరీ ల్యాబులో ముప్పై ఏళ్ళు పాలు పరీక్ష చేసి రిటైరయ్యాను. పాలల్లో ఏముంటుందో, ఏది తీసేస్తే ఏది మిగులుతుందో చెప్పగలను. మందుల సంగతి మీ డాక్టరుగారిదే. ఇంకో అర్హత కూడా ఉంది. నాకూ కొలెస్ట్రాల్ వచ్చింది, నేనూ పాలు మార్చాను, అదీ తెలివితక్కువగా మార్చాను. ఆ కథ కాసేపట్లో చెప్తాను.

ముందు ఆ వీడియోల సంగతి. వాటిలో చాలావరకు అమెరికా వాదనను తెచ్చి తెలుగులో చెప్పేవే. అక్కడ హోల్ మిల్క్ అంటే 3.25 శాతం ఫ్యాట్ ఉన్న పాలు. లో ఫ్యాట్ అంటే 1 శాతం. వాళ్ళ కొట్లాటంతా ఆ మూడుంబావుకీ ఒకటికీ మధ్యన. మన దగ్గర కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన లెక్క వేరు. ఫుల్ క్రీమ్ అంటే కనీసం 6 శాతం, స్టాండర్డైజ్డ్ 4.5, టోన్డ్ 3, డబుల్ టోన్డ్ 1.5, స్కిమ్డ్ అంటే అర శాతం లోపు. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. వాళ్ళు ‘వెన్న తీయని చిక్కటి పాలు’ అంటున్నవి మన టోన్డ్ ప్యాకెట్‌కి పిసరంత పైన. మీ ఫ్రిజ్‌లో ఉన్న ఫుల్ క్రీమ్ ఆ వాదనలోనే లేదు, అది వాళ్ళ హోల్ మిల్క్‌కి దాదాపు రెట్టింపు. వాళ్ళ హోల్ మిల్క్ గురించి చెప్పిన మంచిని మన ఫుల్ క్రీమ్‌కి అంటగట్టడం దగ్గరే తప్పు మొదలవుతోంది.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాది ఇంకో ప్రత్యేకత. కోస్తా వాళ్ళలాగా మనకు ఎనుము (గేదె) పాల అలవాటు తక్కువ. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు ఏ ఊళ్ళో చూసినా జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆవులే. ఆ పాలల్లో ఫ్యాట్ మూడున్నర నుంచి నాలుగు దాకా ఉంటుంది. అంటే మీ పాలాయన నీళ్ళు కలపకుండా పోస్తుంటే ఆ లీటరు పాలే అసలైన ‘హోల్ మిల్క్’. పుంగనూరు పొట్టి ఆవు పాలకు వెన్న ఎక్కువని పేరు. కానీ ఆ ఆవు ఇచ్చేదే కొంచెం, వాటిని కాపాడటానికే పలమనేరులో పరిశోధనా కేంద్రం పెట్టుకున్నాం. ఎవరైనా ‘పుంగనూరు పాలు’ అని మీకు రోజూ లీటర్లకు లీటర్లు పోస్తానంటే నవ్వి ఊరుకోండి.

అత్తగారి ‘నీళ్ళ పాలు’ మాటకు జవాబు చెప్పాలి. ఆవిడ అనుమానం పూర్తిగా గాలి మాటేమీ కాదు. టోన్డ్ పాలు పుట్టిందే నీళ్ళతో. 1940లలో బొంబాయిలో పాలకు కటకటగా ఉన్నప్పుడు దారా ఖురోడీ అనే ఆయన ఈ ఉపాయం కనిపెట్టాడు. ఎనుము పాలల్లో వెన్న ఎక్కువ కాబట్టి వాటికి నీళ్ళూ, వెన్న తీసిన పాలపొడీ కలిపితే వెన్న తగ్గుతుంది, మిగతా సరుకు నిలబడుతుంది, అవే పాలు రెట్టింపు మందికి అందుతాయి. అమూల్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌తో పాటు 1963లో మెగసెసే అవార్డు పంచుకున్నది ఈయనే. కాబట్టి నీళ్ళు కలుస్తాయి, నిజమే. కానీ పాలవాడు కలిపే నీళ్ళకీ దీనికీ తేడా ఉంది. పాలవాడు నీళ్ళు పోస్తే వెన్నతో పాటు ప్రొటీనూ, కాల్షియమూ అన్నీ పలచబడతాయి. టోన్డ్‌లో అలా కుదరదు, వెన్న కాక మిగిలిన ఘనపదార్థం, మేం ఎస్‌ఎన్‌ఎఫ్ అంటాం, అది 8.5 శాతానికి తగ్గకూడదు. డబుల్ టోన్డ్‌లో ఇంకా ఎక్కువ, 9 శాతం. ఫుల్ క్రీమ్‌కీ అదే 9. అంటే ప్రొటీన్, కాల్షియం లెక్కలో డబుల్ టోన్డ్ ఎవరికీ తీసిపోదు. వెన్న పోతే బలం పోతుందనేది మన పెద్దవాళ్ళ నమ్మకం. పొయ్యేది కేలరీలు, దాంతోపాటు వెన్నలో కరిగి ఉండే ఎ, డి విటమిన్లు. అందుకే చాలా ప్యాకెట్ల మీద నీలం రంగులో ప్లస్, ఎఫ్ కలిసిన గుర్తు కనిపిస్తుంది, ఆ విటమిన్లు మళ్ళీ కలిపారని అర్థం. తక్కువ వెన్న పాలు కొనేటప్పుడు ఆ గుర్తు చూసి కొనండి.

ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు తీసుకుంటే ఫుల్ క్రీమ్‌లో 12 గ్రాముల వెన్న, సుమారు 175 కేలరీలు. టోన్డ్‌లో 6 గ్రాములు, 120కి కాస్త లోపు. డబుల్ టోన్డ్‌లో 3 గ్రాములు, తొంభై చిల్లర. పాలచక్కెర మాత్రం అన్నిట్లోనూ ఇంచుమించు ఒకటే, గ్లాసుకు 10 గ్రాముల దాకా. దీన్ని గుర్తుపెట్టుకోండి, అత్తగారి దగ్గర పనికొస్తుంది.

ఇక నా కథ. నాకు 52 ఏళ్ళప్పుడు రిపోర్టు వచ్చింది. ల్యాబులో కూర్చుని రోజూ వందల శాంపిల్స్‌లో వెన్న చూసేవాణ్ణి, నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. అప్పట్లో మెషీన్లు తక్కువ, గెర్బర్ పద్ధతి. గాజు బ్యూటిరోమీటర్‌లో ముందు 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్, దానిమీద మెల్లగా 10.75 మిల్లీలీటర్ల పాలు, ఆ పైన ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్. బిరడా పెట్టి ఊపితే పాలు క్షణంలో కాఫీ రంగుకు తిరిగి, గాజు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, అందుకే గుడ్డ చుట్టి పట్టుకుంటాం. యాసిడ్‌కు ప్రొటీన్ అంతా కరిగిపోతుంది. సెంట్రిఫ్యూజ్‌లో ఐదు నిమిషాలు తిప్పి తీస్తే సన్నటి మెడలో పసుప్పచ్చగా వెన్న నిలబడి ఉంటుంది. గీతలు చూసి 3.6, 3.8 అని చదవడమే. పాలు పోసిన ఆడవాళ్ళు కిటికీ అవతల నిలబడి ఆ గీత వైపే చూస్తుండేవాళ్ళు, వాళ్ళ డబ్బులు ఆ గీత మీదే ఉండేవి మరి.

ఇంత చేతిపనిగా తెలిసినవాణ్ణి, ఇంటికెళ్ళి మర్నాటి నుంచి ఆవు పాలు మానిపించి డబుల్ టోన్డ్ ప్యాకెట్ తెప్పించాను. మా ఆవిడ కాఫీ తాగిన ప్రతిసారీ నన్ను తిట్టుకునేది. మూడు నెలలయ్యాక మళ్ళీ పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ ఉన్నచోటే ఉంది. డాక్టరుగారు నెయ్యి ఎంత వాడతారని అడిగారు. అప్పుడు వెలిగింది.

అంతకుముందు మా ఇంట్లో ఏం జరిగేదంటే, ఆవు పాలు పొంగిన తర్వాత మా ఆవిడ చల్లార్చి రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టేది. తెల్లారి గరిటెతో మందంగా కట్టిన మీగడ ఎత్తి స్టీలు డబ్బాలో వేసేది. వారానికోసారి చిలికి వెన్న తీసి నెయ్యి కాచేది. అంటే నేను తాగుతూ వచ్చినవే వెన్న తీసిన పాలు! ఒకసారి అనుమానమొచ్చి మీగడ తీసిన ఆ పాలు ల్యాబుకు పట్టుకుపోయి చూశాను, ఫ్యాట్ దాదాపు సగానికి పడిపోయింది. ఆ తీసిన వెన్న ఎక్కడికీ పోలేదు, నెయ్యి రూపంలో నా పప్పన్నంలోకే వచ్చేది. డబుల్ టోన్డ్‌కి మారాక ఇంట్లో మీగడ లేదు కాబట్టి నెయ్యి కొట్టులో కొన్నాం. అంతకుముందు నెయ్యి అయిపోతే రెండు రోజులు ఆగేవాళ్ళం, ఇప్పుడు అదీ లేదు. రెండు టీ స్పూన్ల నెయ్యంటే 10 గ్రాముల కొవ్వు. ఒక గ్లాసు ఫుల్ క్రీమ్ మానేసి టోన్డ్ తాగితే తగ్గేది 6 గ్రాములే.

కాబట్టి మీరు ఏ ప్యాకెట్ కొనాలో నన్ను అడిగేముందు, మీ ఇంట్లో మీగడ ఎటు పోతోందో చూడండి. పెరుగులోకా, నెయ్యిలోకా, ఎవరి కంచంలోకి? అది తెలియకుండా పాలు మారిస్తే నాలాగే అవుతుంది.

మీ ఆయన విషయానికి వద్దాం. రోజుకు రెండు కాఫీలు, రెండు పూటలా పెరుగు అన్నారు. కాఫీకి వంద చొప్పున, పెరుగుకు ఒక నూటయాభై వేసుకుంటే 350 మిల్లీలీటర్ల పాలు. అది మొత్తం ఫుల్ క్రీమే అయితే 21 గ్రాముల వెన్న. పాల వెన్నలో అరవై శాతానికి పైగా సంతృప్త కొవ్వే, కాబట్టి 13 గ్రాములు అదే. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. అంటే పాలతోనే సగానికి పైగా అయిపోయింది, ఇంకా నెయ్యి, పొద్దున పూరీ, సాయంత్రం బేకరీ పఫ్ మిగిలే ఉన్నాయి. అవే పాలు టోన్డ్ అయితే మొత్తం వెన్నే పదిన్నర గ్రాములు, డబుల్ టోన్డ్ అయితే ఐదుంబావు. ఎల్‌డీఎల్ 150 దాటిన మనిషికి ఇది చిన్న తేడా కాదు. మీ డాక్టరు చెప్పింది సరైన మాటే. ఫుల్ క్రీమ్ ప్యాకెట్ ఆపేయండి. ఆయన పెరుగు డబుల్ టోన్డ్‌తో విడిగా తోడుపెట్టండి, కాఫీ టోన్డ్‌తో కానివ్వండి. ఫిల్టర్ కాఫీని డబుల్ టోన్డ్‌తో తాగమని శత్రువుకి కూడా చెప్పను. ఆ కాఫీలో రెండు స్పూన్ల చక్కెర వేస్తున్నారా? రెండు కప్పులకీ కలిపి అక్కడే 80 కేలరీలు. బరువు కూడా ఉంటే ముందు దాన్ని పట్టుకోండి.

అయితే ఆ వీడియోలన్నీ అబద్ధాలా? కావు. 2018లో ప్యూర్ అనే పెద్ద అధ్యయనం లాన్సెట్‌లో వచ్చింది. 21 దేశాలు, లక్షా ముప్పై ఆరు వేల మంది, అందులో మన దేశమూ ఉంది. పాలు, పెరుగు రోజుకు రెండు సర్వింగుల కన్నా ఎక్కువ తీసుకునేవాళ్ళలో, అసలు తీసుకోని వాళ్ళకన్నా గుండె జబ్బులూ మరణాలూ తక్కువ కనిపించాయి, వెన్న ఉన్న పాలు తాగినవాళ్ళలో కూడా. కానీ అది ఎవరేం తింటున్నారో రాసుకుంటూ పోయిన అధ్యయనం. పాలు మార్చి చూసింది కాదు. పాలూ పెరుగూ బాగా కొనుక్కోగలిగిన ఇంట్లో మిగతా తిండీ, వైద్యమూ కూడా కాస్త మెరుగ్గానే ఉంటాయి. ఆ భాగాన్ని ఎంత తీసేసినా లెక్కలో కొంత మిగిలిపోతుంది. నాకు నచ్చింది స్వీడన్‌లో చేసిన చిన్న ప్రయోగం, 2015లో వచ్చింది. పాల కొవ్వునే కొందరికి క్రీమ్‌గా, కొందరికి నెయ్యి లాంటి వెన్న నూనెగా ఎనిమిది వారాలు పెట్టారు. నూనెగా తిన్నవాళ్ళలో ఎల్‌డీఎల్ పెరిగింది, క్రీమ్‌గా తిన్నవాళ్ళలో పెరగలేదు. పాలల్లో వెన్న బొట్టు చుట్టూ సన్నటి పొర ఒకటి ఉంటుంది. చిలికి వెన్న తీసేటప్పుడు ఆ పొర చిట్లి చాలావరకు మజ్జిగలోకి పోతుంది. తేడాకు అదే కారణమని వాళ్ళ అభిప్రాయం. చిన్న ప్రయోగం, దాన్ని పట్టుకుని మీగడ గిన్నె నాకేయక్కర్లేదు. కానీ పాలల్లో ఉన్న వెన్న కన్నా కంచంలో పోసుకునే నెయ్యి మీద ముందు చెయ్యి బిగబట్టుకోమని మా ఇంటి అనుభవమూ చెప్తోంది.

అత్తగారికి మాత్రం డబుల్ టోన్డ్ పెట్టి ఆవిణ్ణి బాధపెట్టకండి. షుగర్‌కీ పాల వెన్నకీ సూటిగా సంబంధం లేదు, ఇందాక చెప్పిన పాలచక్కెర అన్ని పాలల్లోనూ ఉంది. చిక్కిపోయిన వయసు మనిషికి కేలరీలూ కావాలి, ప్రొటీనూ కావాలి. ఆవు పాలు అలాగే ఇవ్వండి, చక్కెర లేకుండా. పాలు పడకపోతే పెరుగు, రాగి సంగటితో చిక్కటి మజ్జిగ. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది, మన సంగటి ఊరికే నిలబడలేదు. కానీ ఒక మాట, షుగర్ ఉన్న మనిషి ప్రయత్నం లేకుండా బరువు తగ్గుతుంటే అది పాల సమస్య కాదు. ఈ వారంలోనే చూపించండి.

బాబు గురించి గట్టిగా చెప్తున్నాను. రెండేళ్ళు నిండేదాకా వెన్న తీసిన పాలు పెట్టకూడదు, డబుల్ టోన్డ్ అసలే వద్దు. ఆ వయసులో మెదడు పెరుగుదలకు కొవ్వు కావాలి. మరిగించిన ఆవు పాలు మీగడ తీయకుండా ఇవ్వండి. అలాగని సీసా చేతికిచ్చి వదిలేయకండి. మా మనవడు ఏడాదిన్నరప్పుడు రోజుకు లీటరు పాలు తాగేవాడు, అన్నం చూస్తే మొహం తిప్పేవాడు. బొద్దుగా ఉన్నాడని మేం మురిసిపోయాం. తీరా చూస్తే రక్తం తక్కువ. పాలల్లో ఐరన్ దాదాపు సున్నా, పైగా కడుపు నింపేసి ఐరన్ ఉన్న తిండిని లోపలికి రానివ్వవు. రోజుకు 400, మహా అయితే 500 మిల్లీలీటర్లు చాలు, మిగతాది పప్పన్నం, ఆకుకూర, గుడ్డు. ఏడాది లోపు పిల్లలకైతే ఆవు పాలు తాగడానికే ఇవ్వకూడదు, మీకు ఆ దశ దాటిపోయింది. పాపకు ఏడేళ్ళు, ఆడుకునే పిల్ల, ఆవు పాలు హాయిగా తాగనివ్వండి. పాలల్లో కలిపే డబ్బా పొడి వెనకవైపు చక్కెర ఎంతుందో మాత్రం ఒకసారి చదవండి.

మొత్తం ఎంత తాగాలని అడిగారు కదా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 300 మిల్లీలీటర్లు చాలంటోంది, పెరుగు, మజ్జిగ, కాఫీ పాలు అన్నీ కలుపుకుని. మన ఇళ్ళల్లో చాలామంది తెలియకుండానే అది దాటేస్తారు. పాలు మంచివి కదా అని దాటడమే, లెక్క ఎవరు చూస్తారు.

పెరుగు తోడుకోదని భయపడకండి. పెరుగు గడ్డకట్టేది వెన్నతో కాదు, ప్రొటీన్‌తో. డబుల్ టోన్డ్ పాలు సన్నటి సెగ మీద ఇంకో పది నిమిషాలు ఎక్కువ మరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడేయండి. ఇంకా గట్టిగా కావాలంటే లీటరుకు రెండు చెంచాల వెన్న తీసిన పాలపొడి కలిపి మరిగించండి. పైన మీగడ తొరక మాత్రం ఉండదు, దానికి నేనేం చేయలేను.

చివరగా మీ పాలాయన. ఆయన పాలు నిజంగా ఎంత చిక్కనో కంటితో తెలియదు. ఆన్‌లైన్‌లో లాక్టోమీటర్ కొనొద్దు. అది వెన్న కొలవదు, సాంద్రత కొలుస్తుంది. నీళ్ళు పోస్తే రీడింగ్ పడిపోతుంది. వెన్న తీస్తే, వెన్న తేలిక కాబట్టి, పాలు బరువెక్కి రీడింగ్ పెరుగుతుంది. రెండూ చేసినవాడి పాలు మళ్ళీ మంచి పాలలాగే చక్కగా 28 దగ్గర నిలబడతాయి, మీరు సంతోషంగా డబ్బులిస్తారు. ఇంకో సంగతి, పొదుగులో మొదట వచ్చే పాలల్లో వెన్న తక్కువ, ఆఖర్న పిండిన వాటిలో ఎక్కువ. పొద్దుటి పాల కన్నా సాయంత్రం పాలల్లో కాస్త ఎక్కువ. అంచేత ఒకరోజు చిక్కగా ఒకరోజు పలచగా ఉన్నంత మాత్రాన ఆయన్ని దొంగను చేయకండి.

చంద్రగిరి వైపు ఏ ఊళ్ళోనైనా పాల సేకరణ కేంద్రం ఉంటుంది. ఒక చిన్న సీసాలో మరిగించని పాలు పట్టుకెళ్ళి ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ చూడమనండి. ఇప్పుడన్నీ మెషీన్లే, నిమిషంలో నంబర్ వస్తుంది. ఫ్యాట్ 3.2కి పైన, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3కి పైన వస్తే పాలాయన మంచివాడే. పాలు పోయించుకోవడం అయిపోగానే మెషీన్ కడిగేస్తారు, కాబట్టి కాస్త పొద్దున్నే వెళ్ళండి.